రెండు పేర్లు ఒకే వరసలో

మంచికే చేశారక్కా, కాదని నేనన్నానా? నా పని నాకు దక్కాలనే చేశారు. కానీ ఒక్క మాట నన్నడగాల్సింది. ఉండండి, ముందు తలుపు వేయనివ్వండి. మీ కాలేజీకి శనివారం ఎవరూ రారు కదా?

మీరు కూర్చోండి. నేనిలా కిటికీ పక్కన నిలబడతాను. వీధి కనబడుతుంటే కాస్త నయం.

మొహాలు చూసుకోవడం ఇదే మొదటిసారి, వచ్చీ రాగానే ఈ గొడవేంటని అనుకుంటున్నారు కదూ. ఇన్నాళ్ళూ మీకు నా కోడ్ తెలుసు, నేను తెలీదు. ఎక్కడెక్కడివాళ్ళో రాసి పంపితే మీరు చూసుకునే ఈ బస్సుల వేళల సాఫ్ట్‌వేర్‌లో సగం లెక్కలు నేను రాసినవే. అప్పుడు నా పేరు వేరు. నన్ను కట్టుకున్నతను ఆఫీసుకి వెళ్ళాక, స్టవ్ పక్కన లాప్‌టాప్ పెట్టుకుని నాకు నేనే నేర్చుకున్న పని. ఆ ఇల్లు వదిలి వచ్చేశాక పేరు మార్చుకున్నాను. రెండు పేర్లూ నావేనని మీకొక్కరికే రాశాను, ఎందుకని మీరు అడగలేదు. అందుకే మీరంటే అంత గౌరవం.

మరి నిన్న ఏం చేశారు? పేర్లు కలిపే ఆ ఫైల్లో ఒక వరస రాశారు. ఇటు కొత్త పేరు, అటు పాత పేరు. ఈ ఇద్దరూ ఒక్కరే, పనంతా ఒకరి కిందే చూపించు, అని. మీకది మర్యాద. కానీ ఎవరైనా తెరిచి చదవగల ఫైలక్కా అది. దాక్కున్న మనిషి గుమ్మానికి మీరే నేమ్‌ప్లేటు కొట్టినట్టయింది.

అతనికెలా తెలుస్తుందంటారా? అతనిదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. వాళ్ళ బస్సుల కంపెనీలో నడిచేది మన సాఫ్ట్‌వేరే. ప్రతి సోమవారం కొత్త మార్పులు దించుకునేది అతనే. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలీదు గానీ, ఏ వరస ఎవరు రాశారో వెతకడం మాత్రం బాగా తెలుసు. కొత్త పేరు దొరికితే చాలు. మా ఆఫీసు పేజీలో ఆ పేరుంది, కింద వీధితో సహా. తీగ చేతికొచ్చాక డొంక కదలడానికి ఎంతసేపు?

తీసేస్తారా? అక్కా, మీకు నేను చెప్పాలా. తీసేస్తే, తీసేసినట్టు కూడా రికార్డులో పడుతుంది. ఏ వరస, ఎప్పుడు, ఎవరు తీశారు, అన్నీ. ఎక్కడ వెతకాలో వేలు పెట్టి చూపించినట్టు.

ఆ రికార్డునే మొన్నటిదాకా ఉంచి, ఆ పైదంతా తెంపి, ఈ వరస లేకుండా మళ్ళీ అతకాలి. అవును, అందరి కాపీలూ చెడతాయి. మళ్ళీ మొదట్నుంచి దించుకోవాలి. తిడతారు. తిట్టనివ్వండి, చెయ్యి జారిందని చెప్పండి.

వద్దు, అది మాత్రం వద్దు. ఎలాగూ తిరగరాస్తున్నాం కదా అని మొదట్నుంచీ కొత్త పేరే పెట్టకండి. పాత కాపీ అతని దగ్గరుంది. రెండూ పక్కపక్కన పెడితే అదే తేదీ, అదే పని, పేరొక్కటే వేరు. పాత పేరుని ఉన్నచోటే ఉండనివ్వండి. ఆ పనంతా దానికే పోనీ. నాదని ఎక్కడా చెప్పుకోను.

అంత భయమున్నదాన్ని మళ్ళీ ఈ సాఫ్ట్‌వేర్ పనికే ఎందుకొచ్చానంటారా.

రావద్దనే అనుకున్నాను. అక్కడ మీరంతా రాసుకునేవి ఊరికే చదువుకుని పోయేదాన్ని. ఒకరోజు ఎవరో రాశారు, అర్ధరాత్రి దాటే బస్సుల లెక్క చెత్తగా ఉంది, పీకిపారేద్దాం అని. అది నేను రాసింది. అత్తగారికి జ్వరమొచ్చిన వారం, ఒక చెయ్యి ఆవిడ నుదుటి మీద, ఒక చెయ్యి కీబోర్డు మీద పెట్టి రాసింది. ఆ మాట పడలేకపోయాను. కొత్త పేరుతో వచ్చి బాగుచేశాను. ఇక ఆగలేదు.

ఇంకోటి కూడా చెప్పేస్తాను, నన్నలా చూడకండి. మీరు రాసిన వరస నిన్న పొద్దున్నే చూశాను. భయం వేయలేదక్కా. మురిసిపోయాను. నా పేరు పక్కన అంత పని. మీకు ఫోన్ చేయాల్సిన పూటంతా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

కానివ్వండి, నొక్కేయండి. అయిందా?

నిన్నట్నుంచి ఈలోగా ఎవరైనా దించుకున్నారేమో చూడండి. ఒకరా? ఎవరో చూపించదా?

శనివారం పూట ఎవరు దించుకుంటారక్కా. ఎవరైనా కావచ్చులెండి. అతనే అని ఏముంది. కాదనీ ఏముంది.

ఈ భవనానికి వెనకవైపు దారి ఉందా?