చాలనే కబురు

మధ్యాహ్నం. భార్య కూతురి రిపోర్టులతో ఆస్పత్రి నుంచి అప్పుడే వచ్చింది. తాళాలు బాగుచేసే భర్త, మూసి ఉన్న వంటింటి గడప మీద కూర్చుని ఉన్నాడు.

"ఇదేం తాళంకప్పండీ? గోడౌనుకి వెయ్యాల్సింది తెచ్చి వంటింటికి వేశారా?"

"గట్టిదే. రంపంతో కోసినా గంట పడుతుంది."

"ఎనిమిదేళ్ళ పిల్ల కోసం!"

"ఆ ఎనిమిదేళ్ళ పిల్లే ఈ నెల్లో మూడు తాళాలు జడపిన్నుతో తీసింది. నా దగ్గర పదేళ్ళు పని నేర్చుకున్నవాడికి చేతకాదు. సరేగాని, డాక్టరమ్మ ఏమంది? నోరు కట్టుకోమందా?"

"దాన్ని కాదు, మిమ్మల్ని."

"నాది నీ మెళ్ళో మూడు ముళ్ళేసిన రోజే కట్టేశారు."

"ఎకసెక్కాలు ఆపి వినండి. జబ్బట. పుట్టుకతో వచ్చిందట."

"తిండికి జబ్బని పేరు పెట్టడానికి ఎన్నేళ్ళు చదివిందో పాపం."

"ఒంట్లో కొవ్వుంటుందా, అది ఊరికే కూర్చోదట. లెప్టిన్ అని ఒక హార్మోను తయారుచేసి మెదడుకి కబురంపుతుందట. నిల్వ ఉంది, ఇక చాలు అని."

"నీకూ ఉందిగా కొవ్వు. ఎవరికీ ఏ కబురూ అంపినట్టు లేదే."

"నా కబుర్లు మీకు చేరవు, అది వేరే రోగం. మన దానికి ఆ హార్మోనే తయారవదట. అంత ఒళ్ళున్నా, దాని మెదడు మాత్రం పిల్ల పస్తులుంటోందనే అనుకుంటుందట."

"గిన్నెడన్నం తిని చెయ్యి కడుక్కున్నాక కూడానా?"

"కూడానూ. కడుపు ఖాళీ అయితే ఇంకో హార్మోను ఆకలి, ఆకలి అని గోలపెడుతుందట. మనకైతే ఈ లెప్టిన్ దాన్ని అదుపులో పెడుతుంది. మన పిల్లకి ఆ దిక్కు లేదు."

"అయితే మీ మేనమామ పోలిక కాదంటావు. ఆయన కంచం ముందు కూర్చుంటే లేపడానికి నలుగురు కావాలి."

"చెరో సగం ఇచ్చామట. చెడ్డ జన్యువు మీ వైపు నుంచి ఒకటి, మా వైపు నుంచి ఒకటి. మన రెండిళ్ళవాళ్ళూ గొడవపడకుండా కలిసి చేసిన పని ఇదొక్కటే."

"టైమెంతయింది?"

"రెండున్నర. ఏం?"

"ఏం లేదు."

"మీ కడుపు కూతలు ఇక్కడిదాకా వినపడుతున్నాయి. తినలేదా?"

"తినాలనిపించలేదు."

"తాళంచెవి మీ జేబులోనే ఉందిగా?"

"ఉంది."

"మరి తీసి వడ్డించుకోవడానికేం రోగం?"

"ఉండనీ."

"అరగంట ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేసే మనిషి, ఉండనీ అంటున్నారు. ఇప్పుడు మీ కడుపులో ఏమవుతోందో దానికి పుట్టినప్పట్నుంచీ అదేనండీ. తింటున్నా అంతే, తిని లేచినా అంతే. ఆ పిల్లని పట్టుకుని తిండిపోతన్నారు, దొంగన్నారు, చెయ్యి కూడా..."

"ఒక్కసారి కొట్టాను."

"రెండుసార్లు."

"రెండోది సరిగ్గా తగల్లేదు."

"అబ్బో, ధర్మరాజు మాట్లాడుతున్నాడు. ఇంజెక్షనుందట. ఆ హార్మోనే మందుగా ఇస్తారట. రోజూ వెయ్యాలి, బతికున్నంత కాలం. వేస్తే ఆకలి మనందరిలాగే ఉంటుందట. ఇద్దరం సంతకం పెట్టాలి. మీరేమో సూదులెందుకు, నా దగ్గర తాళాలున్నాయిగా అంటారని దారి పొడుగునా..."

"కాయితం ఇలా ఇవ్వు."

"ఏంటీ, వెటకారం అప్పుడే అయిపోయిందా?"

"ఎక్కడ పెట్టాలి?"

"ఇక్కడ. కింద ఇంకోటి. చదవకుండానే పెట్టేస్తున్నారే?"

"రేపే మొదలుపెడతారా?"

"సోమవారం. అంత తొందరున్నవాళ్ళు ముందు ఈ దిక్కుమాలిన తాళం తియ్యండి. పొద్దున నేనటు వెళ్ళానో లేదో, కన్నకూతురి మీద ఇంత లావు తాళం వెయ్యడానికి చేతులెలా వచ్చాయండీ?"

"నేను వెయ్యలేదే."

"మీరు కాక ఇంకెవరేస్తారు?"

"అదే వేసింది. దుకాణమంతా వెతికి, తను తియ్యలేనిది ఏరుకుని తెచ్చుకుంది. బడికి వెళ్తూ తాళంచెవి నా చేతిలో పెట్టి, 'నేను ఏడ్చినా ఇవ్వకు నాన్నా, నా వల్ల కావట్లేదు' అంది."