చిల్లుల అట్టలు

తప్పులుంటే మన్నించండి. అరవై దాటాక నేర్చుకున్న అక్షరాలు, నిదానంగా రాస్తాను. 1976లో గవర్నర్‌పేటలో మా పక్క వాటాలో మామా అల్లుళ్ళు మాట్లాడుకుంటుంటే విన్నాను.

“బొంబాయి కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం మీరే మానేశారా అల్లుడుగారూ, వాళ్ళే పొమ్మన్నారా?”

“నేనే మానేశానండి. ఇక్కడి రైసుమిల్లులకు, లారీ ఆఫీసులకు సొంతంగా ప్రోగ్రాములు రాసిస్తాను.”

“మరి కంప్యూటరేదీ?”

“హైదరాబాదులో ఉందండి. గంటల లెక్కన అద్దెకిస్తారు.”

“ఎద్దుల్లేని వ్యవసాయమన్నమాట! ఆ పెట్టెలో ఏముంది?”

“చిల్లులు కొట్టిన అట్టలండి. చేయాల్సిన పని మిషను వాటిని చూసి తెలుసుకుంటుంది.”

“నన్ను మరీ అమాయకుణ్ణి చేయకండి. మీకు మళ్ళీ ఉద్యోగం దొరికేదాకా అమ్మాయిని మైలవరం తీసుకుపోతాను. బట్టలు సర్దుకోమనండి.”

“ఇంట్లో లేదండి. బేరం మాట్లాడటానికి లారీ ఆఫీసుకు వెళ్ళింది.”

“మా అమ్మాయా? ఒక్కతేనా?”

“ఈ చిల్లులన్నీ కొట్టింది తనేనండి. కంపెనీలో తన పని అదే, మీకు టైపు అని చెప్పింది. నాకంటే ముందే మానేసి, సొంతంగా పెడదామని నన్నూ లాక్కొచ్చింది.”

“...ఆ కుర్చీ ఇటు జరపండి. వచ్చేదాకా కూర్చుంటాను. మిమ్మల్ని నమ్మొచ్చో లేదో దాన్నే అడుగుతాను.”

సంపూర్ణమ్మ, డెబ్బై రెండేళ్ళు. ఇప్పుడు కొండపల్లిలో మా చెల్లెలి దగ్గర ఉంటున్నాను.