వినపడిందా అనే అడిగినాడు

మేస్త్రీ మీద పెట్టిన మానభంగం కేసులో సాక్ష్యం చెప్పి, పెద్దామె ఆదోని కోర్టు వరండాలోకి వచ్చి కూలబడింది. ఆ కేసు పెట్టిన పిల్ల వచ్చి పక్కనే కూర్చుంది. ఇద్దరూ ఆ మేస్త్రీ కింద ఒకే పత్తి జిన్నింగు మిల్లులో కూలీలు.

"నా కేక వినపడలేదని సెప్పినావంట కదక్కా."

"వినపడిందా అనే అడిగినాడు వాళ్ల వకీలు. మిషన్లు తిరుగుతాంటే ఎవురికి వినపడుతుంది పాపా? నేను అబద్ధం సెప్పలేదు."

"మేస్త్రీ నన్ను గోదాములోకి లాక్కుపోతాంటే నువ్వు నా నోరు సూసినావు. మిల్లులో మనం మాట్లాడుకునేదే పెదాలు సూసి కదా."

"సూసినావా అని మన వకీలు గూడా అడగలేదు."

"అడగకపోతే సెప్పగూడదా? కేకెయ్యలేదు కాబట్టి నేను ఇష్టపడే పోయినానంటాండారు."

పెద్దామె కొంగు సర్దుకుంది.

"నా బిడ్డ గూడా ఆ మేస్త్రీ కిందే పనిచేస్తాంది. ఆయప్ప మీద సెప్పి మేము యాడికి పోవల్ల?"

ఆ పిల్ల ఇక గొంతు విప్పలేదు. మిల్లులో మాదిరిగా పెదాలు మాత్రమే కదిపింది.

"రేపు నీ బిడ్డ కేకేస్తే?"

పెద్దామెకు ప్రతి మాటా తెలిసింది. ఇంకేమీ వినకుండా ఉండడానికి ఆమె కళ్లు మూసుకుంది.