నల్లరొట్టె, అచ్చియ్యమ్మ చారు

అచ్చియ్యమ్మ చారు కాసిందంటే వీధి చివరోళ్లకి కూడా ఆకలేసేదంట. చారంటే ఏముందమ్మా, చింతపండు, మిరియాలు, జీలకర్ర, అందరం కాస్తాం. కానీ ఆవిడ తిరగమోతలో ఇంగువ పడిందనుకో, ఇక పక్కింట్లో కూర తింటున్నోడికి ఆ కూర సయించేది కాదు. సున్నుండలు చుట్టినా ఆవిడే, బొబ్బట్లు చేసినా ఆవిడే. మరి అంత మంచి చెయ్యి ఉన్నావిడ ముందు ఇంకోళ్ల చేతిని మెచ్చుకుంటే ఊరుకుంటాదా? ఒళ్లు మండిపోయేది. ఇంకోళ్లంటే ఎవరో కాదు, సొంత తోడికోడలు కనకరత్నం. ఒకటే వాకిలి, రెండు పొయ్యిలు. ఈ పొయ్యి మీద పోపేస్తే ఆ పొయ్యి దగ్గర తుమ్ములు. అలాగే ముప్పయ్యేళ్లు నడిచింది.

ఏమైందంటే, అచ్చియ్యమ్మకి కొడుకు కూతురొకత్తుంది, జాహ్నవి, ఎనిమిదేళ్లు. జానూ అంటారు. ఆ పిల్లకి ఏం తిన్నా కడుపుబ్బరం, విరోచనాలు, చిక్కి పుల్లైపోయింది. కోడలు ప్రసన్న ఏలూరు తీసుకెళ్తే డాక్టరు పరీక్షలన్నీ చేసి, అమ్మా, ఈ పిల్ల పేగులకి గోధుమ పడదు, మైదా, రవ్వ, ఏదైనా సరే, నలుసంత కూడా లోపలికెళ్లకూడదు, జన్మలో పెట్టొద్దు అన్నాడంట. పాలు కూడా ఇప్పుడు పడట్లేదు, నెయ్యీ పెరుగూ ఆపెయ్యండన్నాడు. ఇక చూడండి, బొబ్బట్లు పోయినాయ్, మైదా గదా. సున్నుండలు పోయినాయ్, నెయ్యి గదా. మనవరాలికి పెట్టుకోడానికి అచ్చియ్యమ్మకి మిగిలిందల్లా చారన్నం. ఆ ఒక్క చారూ గిన్నెనిండా కాసి, ముద్దలు కలిపి, తినమ్మా తినమ్మా అని దగ్గర కూర్చుని పెట్టేది. పిల్ల కూడా మామ్మ చారంటే ప్రాణం పెట్టేది. అంతవరకూ బాగానే ఉంది.

ఇంతలో పిల్ల పుట్టినరోజొచ్చింది. స్కూల్లో ఎవరో కేకు కోశారంట, నాకూ చాక్లెట్ కేకు కావాలని కూర్చుని ఏడుపు. గోధుమ లేకుండా, పాలు లేకుండా కేకేంటమ్మా, నీళ్లు లేకుండా చేపలపులుసు లాగా అన్నాది అచ్చియ్యమ్మ. అవతలి పొయ్యి దగ్గర్నుంచి కనకరత్నం విన్నాది. తిన్నగా తోటలోకెళ్లింది. మన తోటల్లో కొబ్బరిచెట్ల కింద కోకో ఉంటాది గదా. కాయలు కొడతాం, గింజలు బుట్టల్లో పోసి అరిటాకులు కప్పి పులియబెడతాం, ఎండబెడతాం, లారీకెత్తుతాం. ఏనాడన్నా మనం నోట్లో ఏసుకున్నామా? చేదని ఉమ్మేస్తాం. కనకరత్నం ఆ ఎండుగింజలే దోసెడు తెచ్చి, మూకుట్లో వేయించి, పొట్టు చెరిగి, రోట్లో ఏసి నూరింది. నూరగా నూరగా దాని నూనె అదే ఊరి ముద్దైపోయింది. అందులో చోళ్లపిండి, అదేనమ్మా రాగిపిండి, తాటిబెల్లం పాకం, కొబ్బరిపాలు, మాగిన అరటిపండ్లు రెండు పిసికి, చిటికెడు వంటసోడా ఏసి, నిమ్మకాయ పిండింది. గుడ్డంటారా, కనకరత్నం అసలు గుడ్డే ముట్టదు. మరి కాల్చడానికి మిషనెక్కడిది? దిబ్బరొట్టె కాల్చినట్టే, మూకుట్లో పోసి, కింద సన్నని సెగ, మూత మీద నిప్పులు. ఆ వాసన వాకిలి దాటొచ్చి అచ్చియ్యమ్మ ముక్కుకి తగిలింది. నిజం చెప్పాలంటే, మూత మీది నిప్పులకంటే అచ్చియ్యమ్మ కళ్లల్లో నిప్పులే ఎక్కువున్నాయంట.

పిల్ల తిన్నాది. ఓ ముక్క, ఇంకో ముక్క, చిన్నమామ్మా ఇంకోటి, చిన్నమామ్మా నీ ఒళ్లో కూర్చుంటానని కనకరత్నం ఒళ్లో చేరింది. తిన్నాక పరిగెత్తుకొచ్చి, ఆ నల్లమూతిని అచ్చియ్యమ్మ చీరకి తుడుచుకుపోయింది. అప్పుడు అచ్చియ్యమ్మ గుండె ఎలా ఉంటాదో చెప్పండి. తినడానికి చిన్నమామ్మ, మూతి తుడుచుకోడానికి మామ్మా? ప్రసన్నేమో అచ్చియ్యమ్మతోనే, చిన్నత్తయ్య ఎంత తెలివిగా చేశారో చూశారా అన్నాదంట. చూశానమ్మా అన్నాది ఈవిడ. ఆ పూట అన్నం తినలేదు.

మరి వారం వారం నల్లరొట్టె చెయ్యడం మొదలైంది. ఓ వారం ఏమైందంటే, పిల్లకి కడుపు డప్పులాగా ఉబ్బింది. అసలు డాక్టరు చెప్పినప్పట్నుంచీ సగమే తగ్గింది, సగం అలాగే ఉంది, అది ఎవరికీ గుర్తు రాలేదు. అచ్చియ్యమ్మ వాకిట్లో నిలబడి, ఆ నల్లముద్ద పిల్లకి పెట్టొద్దని నే మొదట్నుంచీ అంటూనే ఉన్నాను, పిల్ల మీద ప్రేమా అది, పేరు కోసం గానీ, అన్నాది. అన్నది లేదమ్మా ఈవిడ మొదట్నుంచీ, మనసులో అనుకున్నాదేమో. ప్రసన్న పాపం ఎటూ చెప్పలేక, చిన్నత్తయ్యా, కొన్నాళ్లు ఆపుదామండి అన్నాది. కనకరత్నం సరేనన్నాది. మూకుడు తోమి బోర్లించేసింది.

రొట్టె ఆగింది గానీ నొప్పి ఆగలేదు. పదిరోజులైంది, పిల్ల అలాగే మెలికలు తిరుగుతోంది. అచ్చియ్యమ్మకి ఒకటే అనుమానం, దొంగచాటుగా పెడతన్నాదే ఇది అని. ఏదో ఒక రుజువు పట్టుకోవాలని, కనకరత్నం తోటకెళ్లినప్పుడు ఆ పొయ్యి దగ్గరికెళ్లి వంటసోడా పొట్లం తెచ్చింది. ఈవిడకి చదువు రాదు. పిల్లని కూర్చోబెట్టి, ఇందులో ఏముందో చదువే అన్నాది. పిల్ల కూడబలుక్కుని చదివింది. గోధుమా లేదు, పాలూ లేదు. సరిగ్గా చూడవే అంటే, లేదు మామ్మా అన్నాది. పిల్లలకి కొత్తగా చదవడమొస్తే ఊరుకుంటారా, మామ్మ వంటింట్లో డబ్బాలన్నీ దింపి ఒక్కోటీ చదవడం ఆటైపోయింది. ఉప్పు పొట్లం చదివింది. పసుపు పొట్లం చదివింది. ఇంగువ డబ్బా తీసి, గో, ధు, మ, పిం, డి అని చదివి, మామ్మా, ఇందులో గోధుమపిండి ఉందంట అన్నాది.

అచ్చియ్యమ్మ మళ్లీ చదివించింది. మళ్లీ అదే. పొడి ఇంగువలో పిండి కలుపుతారంటమ్మా, ఎవరికి తెలుసు? రోజూ, రోజుకి రెండుపూట్లా, తిను తినని తన చేత్తో కలిపి పెట్టింది. కానీ చూడండి, మనసనేది ఎంత పాడుదో. డబ్బా ఇంకా చేతిలో ఉండగానే ఇంకో ఆలోచనొచ్చింది. ఈ డబ్బా పారేస్తే సరి. పిల్లకి తగ్గుతాది. రొట్టె ఆపాక తగ్గిందనే అనుకుంటారందరూ. నా మాట నిజమౌతాది. పిల్లతో, ఇదేదో పాతడబ్బాలే, ఎవరికీ చెప్పమాకని చెప్పి, పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టేసింది.

అనుకున్నట్టే అయ్యింది. నెల తిరిగేసరికి పిల్ల బుగ్గలు తేరుకున్నాయ్. వచ్చినోళ్లందరూ, పెద్దావిడ ముందే చెప్పిందంట గదా, పెద్దల మాట చద్దిమూట అన్నారు. అచ్చియ్యమ్మ గెలిచింది. గెలిచింది గానీ, ఇంగువ లేని చారుతో పిల్ల రెండు ముద్దలు తిని, మామ్మా, ఇది నీ చారు కాదు, నీ చారు పెట్టు అనేది. కనకరత్నం పిల్లని తాకడమే మానేసింది. పిల్ల దగ్గరికెళ్తే, ఒద్దమ్మా, నా చెయ్యి మంచిది కాదు, మీ మామ్మ దగ్గరికెళ్లు అనేదంట. ఆ మాట అచ్చియ్యమ్మ చెవిన పడింది. ముప్పయ్యేళ్లుగా ఆ మాట వినాలని కాసుకుని కూర్చున్న మనిషి, తీరా విన్నాక కంచం ముందు నుంచి లేచిపోయింది.

ఓరోజు పొద్దున్నే కనకరత్నం మిగిలిన కోకో ముద్దంతా గిన్నెతో పట్టుకెళ్లి పెంటకుప్ప మీద పొయ్యబోతోంది. అచ్చియ్యమ్మ ఎదురెళ్లి గిన్నె పట్టుకుంది. వదులక్కా అంటే వదల్దు. పారెయ్యకే, పిల్లకి పెట్టింది నువ్వు కాదు, నేను, నా చారులో ఇంగువ, తెలిసీ నెలరోజులు నోరు మూసుకున్నాను, నీ మీద ఓర్వలేక, అన్నాది. ప్రసన్న గుమ్మంలోనే ఉంది, విన్నాది. కనకరత్నం తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నెలరోజులు పిల్లని ఎత్తుకోలేదక్కా అని మాత్రం అన్నాది. అని ఆ గిన్నె ఈవిడ చేతిలో పెట్టి, పట్టుకురా, చోళ్లపిండి జల్లిద్దువుగాని అన్నాది.

ఆ పూటే మళ్లీ నల్లరొట్టె కాలింది. మూత మీద నిప్పులు అచ్చియ్యమ్మే ఎగదోసింది. పిల్ల ఒకరి ఒళ్లో కూర్చుని తిన్నాది, ఎవరి ఒళ్లో అని నన్నడక్కండి. అచ్చియ్యమ్మ కూడా ఓ ముక్క నోట్లో ఏసుకుని, కళ్లు మూసుకుని నమిలి, బాగానే ఉంది గానీ రత్నం, కొబ్బరిపాలు కాస్త పల్చనైనాయే అన్నాదంట.

మరి ఇంగువ కట్టిన గుడ్డని ఊరికే అంటారా. ఇంగువ పోయినా వాసన పోదు. ఆ రొట్టె నేనూ తిన్నాన్లెండి ఓసారి. జనాలు చెప్పుకునేంత ఏముంది అందులో, నేను చేస్తే తాటిబెల్లం ఇంకో పిడికెడు ఏసేదాన్ని.