కింది మడికి నేను కొట్టిన గండి

(మూసీ ఒడ్డున పశుగ్రాస క్షేత్రంలో ముప్పయ్యొక్క ఏళ్ళు పనిచేసిన మేస్త్రీ గుండయ్య, 1982 అక్టోబరులో తన సన్మాన సభలో చెప్పిన మాటలు)

అధ్యక్షులు అమరనాథ్ గారికి, ముందు వరసలో కూర్చున్న పెద్దలకు, వెనక నిలబడ్డ నా తోటి కూలీలకు, బర్రెల పాలు పిండి ఇటే వచ్చిన అక్కలకు, అన్నలకు యాకుత్‌పురా గుండయ్య చేతులెత్తి మొక్కుతున్నాడు. నాకు చదువు లేదు, సంతకం వరకు వచ్చు. మైకు ముందు ఎలా మాట్లాడాలో నిన్న ట్రాక్టర్ షెడ్డులో మన గేటు కాపలా ఇస్సాకు నేర్పాడు. "గుండన్నా, అందరికి దండం పెట్టు, సార్ల గురించి నాలుగు మంచి మాటలు చెప్పు, కండ్లల్ల నీళ్ళు తెచ్చుకో, దిగిపో, గంతే" అన్నాడు. (నవ్వులు) దండం అయింది. కండ్లల్లో నీళ్ళు తెచ్చుకోవడం నాకు చేతకాదు. దిగేముందు మాత్రం ఒక పని ఉంది.

ఇస్సాకూ, గా ఫ్యాన్ జర బంద్ చెయ్యి భాయ్. దాని లొల్లిల నా మాట నాకే ఇనొస్తలేదు.

పొద్దటి నుంచి నాకు కుదురు లేదు. కుర్చీలో కూర్చోబెడితే మూడుసార్లు లేచాను. ముసలాడికి షుగర్ ఉందేమో అని ఒక సార్ పక్కాయన చెవిలో అన్నారు, విన్నాను. షుగర్ లేదు సార్, నా ఒళ్ళు ఇప్పటికీ ఇనుము. (నవ్వులు) ఈ బల్ల మీద గుడిమల్కాపూర్ బంతిపూలు చుట్టి పెట్టిన పన్నెండు సంచులు ఉన్నాయి చూడండి, అవి నన్ను కూర్చోనివ్వడం లేదు. మూసీ అంచున పల్లపు నేలలున్న పన్నెండు మంది పాడివాళ్ళకు నా చేతితో వాటిని ఇప్పించాలని సార్ల ఆలోచన. లోపలున్నది కొత్త రకం లూసర్న్ విత్తనం. నీళ్ళు నిలిచినా చావదని పేరున్న రకం. ఆ పేరు రావడానికి గుండయ్య చెయ్యే కారణమని ఇందాక అమరనాథ్ గారు నన్ను మస్తు పొగిడారు. ఆ మాట నిజం. ఎంత నిజమో ఆయనకు తెలియదు.

లూసర్న్‌ను మనం గడ్డి అంటాం గానీ అది చిక్కుడు, పెసర కులానిది. దాని వేళ్ళకు చిన్న చిన్న బుడిపెలుంటాయి, మొక్కకు బలం అక్కడే తయారవుతుంది. వేరుకు మనలాగే గాలి కావాలి. మట్టి సందుల్లో ఉండే గాలిని నిలవ నీళ్ళు తోసేస్తే బుడిపెలు నల్లబడతాయి, అడుగు ఆకులు పసుపెక్కుతాయి, తర్వాత పీకి చూస్తే వేరు కుళ్ళు కంపు కొడుతుంది. ఇవన్నీ నాకు చెప్పింది అమరనాథ్ గారే. అప్పుడాయన కొత్తగా వచ్చిన కుర్ర ఆఫీసరు, గట్టు మీద నా పక్కన గొంతుకూర్చుని చెప్పేవారు.

ఆరేళ్ళ కింద శ్రావణంలో కింది మడిని మూడు భాగాలు చేసి, మధ్యలో గట్లు వేయించారు. ఒకదాంట్లో పాత లూసర్న్, ఒకదాంట్లో కొత్తది, చివరిదాంట్లో జీలుగ. "గుండయ్యా, మూడింటికీ నీళ్ళు కట్టి నిలబెట్టు. పదిహేను రోజులు చెయ్యి పెట్టకు. చచ్చేది చావనీ, బతికేది బతకనీ" అన్నారు.

సార్, మీరు చెప్పిన మాటల్లో నాకు అర్థం కానిది అదొక్కటే. మా తాత నిజాం గుర్రాలకు ఈ గడ్డే పండించాడు. మడిలో నీళ్ళు నిలిస్తే ఆ మేస్త్రీ ముఖం మీద ఉమ్మేసే ఇల్లు మాది. కొత్త రకం మీరు తెచ్చింది గుప్పెడు గింజలు. దాన్ని రెండేళ్ళు పెంచి మడికి సరిపడా చేసింది నేను. అది నా ఎదుట పసుపెక్కుతుంటే చేతులు కట్టుకుని నిలబడాలా? నాలుగో రోజు సాయంత్రం మీ జీపు గేటు దాటగానే పార తీసుకుని కొత్త రకం మడి గట్టుకు అడుగున బెత్తెడు గండి కొట్టాను. పొద్దున్నే వచ్చి పూడ్చి, మళ్ళీ నీళ్ళు పెట్టాను. మీరు వచ్చి చూసినప్పుడల్లా మడి నిండుగానే ఉండేది. అలా పదకొండు రోజులు. లెక్కపెట్టే రోజు ముందర పసుపెక్కిన మొక్కలు ఏరేశాను కూడా. ఇన్‌స్పెక్షన్ అంటే మడి పచ్చగా కనబడాలని మాకు అలవాటు కదా.

(అమరనాథ్ గారు కుర్చీలోంచి లేచారు)

పాత రకం చచ్చింది. కొత్తది నిలిచింది. నన్ను మడి మధ్యలో నిలబెట్టి ఫోటో తీశారు. అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఫోటోలో నా మీసం బాగుందన్నారు, ఊరుకున్నాను.

మెరక నేలల్లో వేసినవాళ్ళకు ఆ విత్తనం బాగానే పండింది, అందుకని ఎవరూ అడగలేదు. పల్లపు నేలలో మొదట వేసింది ఒక్కరే, అదిగో, రెండో వరసలో కూర్చున్న సక్కుబాయి. విత్తనం వేశాక వచ్చిన మొదటి శ్రావణంలోనే ఆమె మడి కుళ్ళిపోయింది. ఆ కుళ్ళిన వేళ్ళు కొంగులో కట్టుకుని ఈ గేటు దగ్గరికి వచ్చింది.

"గుండన్నా, మీ గడ్డికి ఈత వచ్చంటిరి కదనే! ముక్కు మూసుకొని మునిగి సచ్చిందేంది?"

"నీకు ఏసుడు రాకపాయె. గడ్డినేమంటవ్?" అన్నాను. అంతమందిలో అన్నాను. ఆఫీసులో అడిగితే అక్కడా అదే చెప్పాను. ఆమె చేతి తప్పని కాగితం మీద ఎక్కింది. మేపు లేక ఆమె ఆరు బర్రెల్లో నాలుగింటిని అమ్ముకుంది.

సక్కుబాయీ, నీ చేతుల తప్పు లేదు. తప్పు నాది. ఇగో, మైకుల చెప్తున్న.

(సక్కుబాయి: "గీ ముచ్చట గప్పుడే చెప్తే నీ మీసం ఊడిపోతుండెనా అన్నా?" కొందరు నవ్వారు.)

ఊడిపోతదనే అనుకున్న బిడ్డా. గందుకే చెప్పలే.

సార్, కూర్చోండి, ఇంకొక్క మాట. ఆ మూడు మడుల్లో నేను నిజంగా చెయ్యి పెట్టనిది జీలుగ మడి ఒక్కటే. పచ్చిరొట్టకు దున్నేసే మొక్క, మేకలు కొరికే మొక్క, దాని బతుకెంత అని అటువైపు తొంగి చూడలేదు. పదిహేను రోజులూ అది మోకాలి లోతు నీళ్ళలోనే ఉంది. పీకి చూస్తే మునిగిన కాడ లావెక్కి, మెత్తగా, తెల్లగా, పెండ్లి బాసింగాలు చేసే బెండులా అయింది. పైనున్న గాలిని ఆ బెండులోంచి కిందికి పంపుకుంటోంది. కింద వేళ్ళు పనికిరాకుండా పోతే నీటి మట్టానికి దగ్గరగా, కాడ నుంచే కొత్త వేళ్ళు వేసుకుంది, వాటికి బుడిపెలు కూడా కట్టాయి. మీ పరీక్షలో నమ్మదగ్గ ఫలితం అదొక్కటే సార్. నేను గడ్డిపోచ లెక్క కూడా చెయ్యలేదు కాబట్టి అది నిజమైంది.

లూసర్న్ మేపితే వచ్చినన్ని పాలు జీలుగ మేపితే రావు, తెలుసు. లేత కొమ్మలే కోసి, చొప్పలో కలిపి వేయాలి. కానీ శ్రావణంలో మూసీ పొంగితే బర్రె నోటికి ఏదో ఒకటి అందాలి కదా.

ఈ సంచులు నేను ఇవ్వను. మెరక ఉన్నవాళ్ళకు వేరే రోజు వేరే చేత్తో ఇవ్వండి. పల్లపువాళ్ళకు మాత్రం వద్దు. సక్కుబాయి పేరు మీద రాసిన కాగితం దిద్దండి. నా పెన్షన్ ఏం చేస్తారో మీ చేతిలో ఉంది, ఆ ఫికర్ పడ్డాకే మైకు పట్టుకున్నాను. వచ్చే శ్రావణంలో కింది మడికి మళ్ళీ నీళ్ళు కట్టండి, ఈసారి నిజంగా నిలబెట్టండి. ఆ పదిహేను రోజులూ నేను ఇంట్లో ఉండలేను, గట్టు చూసిపోతానని గేటు దగ్గరికి వస్తాను. నన్ను నేను ఎరుగుదును. రానివ్వకండి. ఇస్సాకూ, గేట్ల నువ్వే ఉంటవ్ కద, దోస్తానా పక్కన పెట్టి ఎనుకకు తోలు.

ముప్పయ్యొక్క ఏళ్ళు తిండి పెట్టిన ఈ నేలకు, పని నేర్పిన అమరనాథ్ గారికి, మొహం మీద అడిగిన సక్కుబాయికి, ఇంతసేపు ఓర్చుకున్న మీ అందరికీ దండాలు. సెలవు.