తొమ్మిది ఓట్ల మెజారిటీ

పరాయి రాష్ట్రంలో, రేవు పక్క మెటియాబ్రుజ్‌లోని ఇరుకు గదిలో కూతురు ఓటరు ఫారం నింపుతోంది. రేవులో కూలి చేసి ముసలివాడైన తండ్రి ఎదురుగా కూర్చున్నాడు.

“ఇక్కడి జాబితాలో నీ పేరే లేదు నానా. తండ్రి పేరు చూపించకపోతే నా ఓటు కొట్టేత్తారట.”

“ఇక్కడ రాయించుకుంటే ఊళ్ళో తీసేత్తారని రాయించుకోనేదమ్మా. ప్రతి ఎలచ్చనుకీ రైలెక్కి ఎల్లి అక్కడే ఏసినాను.”

“ఇప్పుడు అక్కడా లేదు. ఊళ్ళో ఉండట్లేదని తీసేసినారట.”

“తీసేసినారా? ఎనభైతొమ్మిదిలో మన అనకాపల్లి ఎంపీ సీటు తొమ్మిదే తొమ్మిది ఓట్లతో తేలింది. గెలిసినోడికే ఏసినాను. నా మొదటి ఓటు! అది రాయమ్మా.”

“అది రాయడానికి ఇందులో గడి ఏది నానా? రేపే ఆఖరు.”

“నాను లేనంటే, ఆ మెజారిటీ ఎనిమిది అవ్వాల కదమ్మా?”