ఉత్తరతార గంటను తీసిందెవరు

సిక్స్టెన్ రూస్ నోరు తెరిస్తే కాఫీ చల్లారిపోతుందని క్వార్న్‌విక్ రేవులో అందరికీ తెలుసు. తెలిసే వచ్చి కూర్చుంటారు. చల్లారితే పోయేదేముంది, రెండో కప్పు గున్వర్ ఎలాగూ ఊరికే పోస్తుంది. రేవు చివర ఎర్రరంగు చెక్కకొట్టు ఆవిడది. పొద్దున యాలకుల బన్నులు పొయ్యిలోంచి దిగే వేళకి పడవలవాళ్ళూ, పనిలేనివాళ్ళూ, పనుండి ఎగ్గొట్టినవాళ్ళూ ఆ కొట్టు ముందు పొడుగుబల్ల చుట్టూ చేరతారు.

ఆ రోజు బల్ల దగ్గర ఒక కొత్త మొహం ఉంది. మ్యూజియం నుంచి వచ్చిన ఇల్వా అనే అమ్మాయి. మూడు వందల ఏళ్ళ కిందట సముద్రానికి అవతలి డేన్‌లతో యుద్ధంలో, ఈ రేవుకి ఎదురుగానే, ఫిరంగులతో సహా మునిగిపోయిన ఉత్తరతార అనే యుద్ధనౌక సామాన్ల కోసం పట్నంలో కొత్త హాలు కట్టారు. శనివారం ప్రారంభం. హాలు నడిమధ్యన ఓడ కంచుగంట పెట్టారు. దాని మీద కప్పిన గుడ్డ లాగాల్సింది ఆ గంటను సముద్రంలోంచి తీసిన మనిషే. ఆ మనిషి పేరు కింద రాతి మీద చెక్కిస్తారు కూడా. వచ్చిన చిక్కల్లా ఆ మనిషెవరో మ్యూజియంలో ఎవరికీ తెలియకపోవడం.

తెలియకపోవడానికి కారణం, తవ్వకాలు జరిపించిన పెద్దాయన పద్ధతి. ఆయన ‘నేను’ అన్న మాటని పడవ ఎక్కనిచ్చేవాడు కాదు. చెంచా దొరికినా ఫిరంగి దొరికినా ‘మేము తీశాం’ అనాలి, ‘మేము తీశాం’ అనే రాయాలి. అసలే ఈ తీరంలో సొంత డప్పు కొట్టుకోవడమంటే నలుగురిలో లాగు జారిపోయినంత సిగ్గు. ఆ పెద్దాయన పోయి చాలా కాలమైంది. మ్యూజియంలో మాత్రం ‘మేము’ మిగిలిపోయింది.

గంటను తీసింది గున్వర్. ఆ తవ్వకాల వేసవుల్లో ఆవిడ డైవర్. ఎప్పుడైనా ఎవరైనా గంట సంగతి ఎత్తితే “మేము తీశాం” అని బన్నుల పళ్ళెం అందుకునేది. సిక్స్టెన్ అదే పడవలో వంటవాడు. నీళ్ళలోకి దిగిన పాపాన పోలేదు. ఈత రాదు, స్నానాల తొట్టిలోకి కూడా ఒక చేత్తో గోడ పట్టుకునే దిగుతాడని ఊళ్ళో చెప్పుకుంటారు. కానీ గంట తనే తీసినట్టు ఎన్ని కోతలు కోశాడంటే, ఈ కాలం కుర్రకారు అది నిజమేననుకుంటున్నారు. ఇన్నాళ్ళూ గున్వర్ విని నవ్వుకునేది. చెప్పుకోనీ, నా సొమ్మేం పోయింది అనుకునేది. ఇవాళ మాత్రం ఆవిడకి ఆ గుడ్డ లాగాలని ఉంది. ఎంత ఉందంటే, నిన్న ఆ కబురు తెలిశాక రాత్రంతా కంటిమీద కునుకు లేదు. నోరు దాటి మాట బయటికి రావడం లేదు, అంతే.

ఇల్వా రెండు చేతుల్తో కప్పు పట్టుకుని, గంట ఎవరు తీశారో మీలో ఎవరికైనా తెలుసా అని నెమ్మదిగా అడిగింది. గున్వర్ కాఫీ కూజాతో అలాగే నిలబడి, “మేము...” అంది. ఆ ఒక్క మాటా పూర్తయ్యేలోగా సిక్స్టెన్ పై పెదవి కింద పొగాకు పొట్లం సర్దుకున్నాడు.

“గంట దాకా అప్పుడే పోకు అమ్మాయ్, ముందు చెంచా దగ్గర మొదలుపెట్టాలి. నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాను, కావాలంటే ఎగోన్‌ని అడుగు.”

ఈల్ చేపలు పొగబెట్టి అమ్ముకునే ఎగోన్ బన్ను నములుతూ తల ఊపాడు. అవునని ఊపాడో కాదని ఊపాడో ఎవరికీ అర్థం కాలేదు.

“మొదట నాకు దొరికింది ఒక తగరపు చెంచా. అంతే. ఎవరికైనా దొరుకుతుంది. కింద బురద ఎలా ఉంటుందనుకున్నావు, పాలు కలిపిన కాఫీయే, చెయ్యి చాపితే మణికట్టు దగ్గరే మాయం. ఓడ మాత్రం ఓడలాగే ఉంది, మా సముద్రంలో ఉప్పు తక్కువ, కొయ్య తొలిచే పురుగు ఇక్కడ బతకదు, ఇదంతా చదువుకున్నదానివి నీకూ తెలుసు. నీకు తెలియనిదేమిటంటే ఆ చెంచా పక్కనే వెన్నపీపా ఉంది. మూత తీశానా, ఘుమఘుమలాడిపోయింది.”

“నీళ్ళ అడుగున వాసనెలా వచ్చిందోయ్?” అన్నాడు ఎగోన్.

“ముక్కుంటే వస్తుంది. నీ ముక్కు ఈల్ పొగలో మాడిపోయింది, నీకు తెలీదు. జేబులో మా అమ్మ కాల్చిన కరకర రొట్టె ఉంది, తడిసిందా అని అడక్కు, మా అమ్మ రొట్టెని నమిలినవాళ్ళ పళ్ళు విరిగేవి కానీ రొట్టె తడిసేది కాదు. దొరికిన చెంచాతోనే వెన్న రాసుకుని తిన్నాను. మూడు వందల ఏళ్ళ వెన్న. ఇప్పటి వెన్న అంతా మోసమని ఆ రోజే తెలిసింది నాకు. సరే, తిన్నాక దాహం వెయ్యదూ? నౌకాధిపతిగారి గది వెతుక్కుంటూ వెళ్ళాను. ఆయన కుర్చీలోనే ఉన్నారు. ఎముకలే అనుకో, కానీ ఎముకల్లో కూడా ఏమి హోదా! ముందు సారా సీసా, బిరడా తియ్యకుండా ఉంది. రెండు గ్లాసుల్లో పోశాను.”

నీళ్ళలో సారా ఎలా పోశావని అడగబోయి ఎగోన్ తనంతట తనే మానుకున్నాడు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? గ్లాసు ఎత్తాక ఎదుటివాడి కళ్ళలోకి చూడకుండా తాగడం మర్యాద కాదు కదా, ఆయనకి చూస్తే కళ్ళు లేవాయె. ఏ గుంతలోకి చూడాలో తెలియక కుడిదానిలోకి ఒకసారి, ఎడమదానిలోకి ఒకసారి చూశాను. పాట లేకుండా తాగడం ఇంకా అమర్యాద, అందుకని పాడాను. నీళ్ళలో పాడితే ఏమవుతుంది, ఒక్కో మాటా ఒక్కో బుడగలో చిక్కుకుని పైకిపోయింది. పైన పడవలోవాళ్ళకి బుడగలు ఒక్కొక్కటే పగులుతూ పాటంతా వినపడింది. కాకపోతే రెండో చరణం ముందొచ్చింది. దాని బుడగలు పెద్దవి.”

ఇల్వా కాఫీ తాగుతూ నవ్వబోయింది, పొరబోయింది. ఎగోన్ వీపు తట్టాడు. పక్కబల్ల వాళ్ళు కూడా కుర్చీలు ఇటు లాక్కున్నారు. జనం పోగయ్యేసరికి సిక్స్టెన్ గొంతు రెండు మెట్లు పైకెక్కింది. ఫిరంగి దగ్గరికి వచ్చేశాడు.

“మందు దట్టించే ఉంది పాపం. మునిగే వేళ డేన్‌ల మీద పేలాల్సిన గుండు, దానికి ఆ ముచ్చట తీరలేదు. మూడు వందల ఏళ్ళుగా నోరు తెరుచుక్కూర్చుంది. నాకు జాలేసింది. చెంచాతో ఫిరంగి మొదట్లో ఇలా కొట్టానో లేదో నిప్పురవ్వ లేచింది, గుండు నీళ్ళు చీల్చుకుని బయటికొచ్చి, అదుగో ఆ దీవి దాటి, ఆ సముద్రమూ దాటి, కోపెన్‌హాగెన్‌లో ఒకాయన రొట్టె మీద సాసేజి పెట్టుకుని నోటిదాకా తెచ్చుకుంటే, ఆ సాసేజి ఎగరగొట్టేసింది. రొట్టెకి మాత్రం దెబ్బ తగల్లేదు. మనిషికీ తగల్లేదు. అదీ గురి అంటే. వారం తిరక్కుండా గుండు తపాలాలో వెనక్కొచ్చింది, మీదేననుకుంటాం అని చీటీ కట్టి.”

ఇల్వా కళ్ళు తుడుచుకుంది. ఇంత నవ్వి ఎన్నాళ్ళయిందో అంది. శనివారం రాబోయే జనమంతా ఇలా నవ్వితే తమ హాలు అదృష్టం పండినట్టేనని, ఇదంతా అక్కడ ఇలాగే చెప్పగలరా అని సిక్స్టెన్‌ని అడిగింది. చెప్పడమే కాదు, గంట కూడా మోగిస్తూ చెప్తానన్నాడు.

గున్వర్ కూజా బల్ల మీద పెట్టేసింది. ఇంకో రెండు నిమిషాలాగితే గుడ్డ లాగేదీ, రాతి మీదికెక్కేదీ సిక్స్టెన్ రూసే. ఒక్క మాట చెప్తే చాలు. ఆ ఒక్క మాటా ఆవిడ నోట్లో పుట్టి పెరిగినది కాదు. ఇంత వయసొచ్చాక నలుగురిలో నిలబడి “నేను, నేను” అని అరిచే ఆడదాన్నయ్యానా అనిపించింది. వీడి మీద కోపమొచ్చింది, తన మీద తనకి అంతకంటే ఎక్కువొచ్చింది. అక్కడే నిలబడి విన్నది.

“ఇప్పుడు గంట,” అన్నాడు సిక్స్టెన్. “బురదలో మెడ దాకా కూరుకుపోయి ఉంది. బరువెంతంటే, ఎగోన్ వాళ్ళ ఆవుని చూశావా, దూడ వేసుకునే ముందు? అంత. తాడు కట్టమన్నారు. తాడెందుకు, తలకాయ లేదా? నెత్తిన టోపీలా బోర్లించుకున్నాను. లోపల గాలి చిక్కుకుంది, ఇక సిలిండరుతో పనేముంది, దాన్ని పక్కన పడేసి అడుగున నడుచుకుంటూ ఒడ్డు దారి పట్టాను. అడుగు వేసినప్పుడల్లా నాలుక ఊగి గంట మోగుతోంది. మోగితే ఏమైందో తెలుసా? చేపలు. కాడ్ చేపలు, హెర్రింగులు, చదును చేపలు, పిల్లాజెల్లాతో సహా. చర్చి గంట అనుకున్నాయవి. ఓడ బల్లల మీద వరసలు కట్టి కూర్చున్నాయి, ఈల్స్ ఎప్పట్లాగే ఆలస్యంగా వచ్చి వెనక నించున్నాయి. ఒక ముసలి కాడ్ ముందుకొచ్చి గొంతు సవరించుకుంది.”

“ఆదివారమైతే చర్చికి ఎవరైనా వస్తారు. అందులో వింతేముంది?” అన్నాడు ఎగోన్.

“అదే కదా వింత. అది ఆదివారం కాదు. గురువారం. గురువారం నాడు చేపలు చర్చికి రావడం ఎక్కడైనా విన్నావా?”

“గురువారమా?” అంది గున్వర్.

ఆ మాట తనే అన్నట్టు ఆవిడకి కాసేపటిదాకా తెలియలేదు. అందరూ ఇటు తిరిగాక తెలిసింది.

“గురువారమే,” అన్నాడు సిక్స్టెన్. “బాగా గుర్తు.”

“ఎన్నింటికి దిగావు?”

“పొద్దున్నే దిగాను. పైకొచ్చేసరికి సాయంత్రమైంది.”

“మరి ఆ మధ్యాహ్నం బఠాణీ సూప్ ఎవరు కాచారు?”

బల్ల చుట్టూ తలలన్నీ సిక్స్టెన్ వైపు తిరిగాయి. గురువారం మధ్యాహ్నం బఠాణీ సూపూ దాని వెనక పాన్‌కేకులూ ఈ దేశంలో బడిలో పెడతారు, జైల్లో పెడతారు, యుద్ధంలో ఉన్నా నావికాదళంలో పెడతారు. మునిగిన ఉత్తరతార మీద వంటవాడు కూడా అంతకు ముందు గురువారం అదే కాచి ఉంటాడు. క్వార్న్‌విక్ పడవ మీద సూప్ తప్పిన గురువారమంటూ ఒకటుంటే అది ఊరంతా ఈనాటికీ చెప్పుకునేది. అలాంటి గురువారం లేదని అక్కడున్న ముసలివాళ్ళందరికీ తెలుసు. సిక్స్టెన్‌కి అందరికంటే బాగా తెలుసు. డేన్‌ల మీదికి గుండు పంపిన మనిషి, చేపలకి ప్రార్థన జరిపించిన మనిషి, సూప్ ఇంకెవరో కాచారని మాత్రం అబద్ధమాడలేకపోయాడు.

“నేనే కాచాను,” అన్నాడు చివరికి. “ఇంకెవర్ని ముట్టుకోనిచ్చాను నా కుండ?”

“ఎవరికి పోశావు?” అంది గున్వర్.

“నీకే. చలికి నీ వేళ్ళు కొయ్యముక్కలైపోయాయి, చెంచా పట్టుకోలేకపోయావు. నేనే తాగించాను. ఇంకో కుండ కాచమన్నావు, కాచాను.”

ఇల్వా ఆయన మొహం చూసింది, ఈవిడ మొహం చూసింది. చలికి అలా వేళ్ళు బిగుసుకునేంత సేపు ఆ రోజు నీళ్ళలో ఉన్నదెవరని అడిగింది. అడుగుతుంటేనే ఆ అమ్మాయికి సగం అర్థమైపోయింది. గున్వర్ చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది. అలవాటైన మాటే నోటికొచ్చింది.

“మేము ఆ రోజు...”

“ఆగు,” అన్నాడు సిక్స్టెన్. గొంతులో ఇందాకటి జోరు లేదు. “ఏ మేము? నువ్వు మేము మేము అనబట్టే గదా నేను దూరింది. ఆ పడవ మీద నేను లేనా, ఆ మేములో నేను లేనా? అంత మంచి గంట, చెప్పేవాడు లేక ఊరికే పడుంటే చూడలేక నేను చెప్పాను. ఇప్పుడు మళ్ళీ మేము అన్నావంటే మళ్ళీ దూరిపోతాను, నన్ను నేను ఆపుకోలేను. సరిగ్గా చెప్పు.”

గున్వర్ మొహం చెవుల దాకా ఎర్రబడింది. బల్ల వైపు చూసింది, రేవు వైపు చూసింది, ఎటు చూసినా జనమే. ఇల్వా కప్పు కింద పెట్టి ఎదురుచూస్తోంది.

“నేను తీశాను,” అంది.

అనేశాక ఏమీ కాలేదు. లాగు జారలేదు, ఎవరూ నవ్వలేదు. ఎగోన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టయి, ఇంత తేలికైన పనికి ఇన్నేళ్ళు పట్టిందా అని గున్వర్‌కి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. శనివారం ఎన్నింటికి రావాలని మాత్రం గబగబా అడిగేసింది, మళ్ళీ మనసు మార్చుకుంటానేమోనని భయంతో.

ఇల్వా సమయం చెప్పి, అడుగున ఎలా ఉండేదో మీ నోటితో వినాలని ఉందంది.

గున్వర్ కుడిచెయ్యి చాపి వేళ్ళు చూసుకుంది. “చీకటిగా ఉంది,” అంది. “చెయ్యి పెడితే చల్లగా తగిలింది. అదే గంట.”

అందరూ ఇంకా వినపడుతుందేమోనని ఆగారు. ఇంకేమీ లేదు. సిక్స్టెన్ తల రెండు చేతుల్లో పెట్టుకున్నాడు.

“ఇంతేనా? ఇన్నేళ్ళు దాచుకుని దాచుకుని చీకటిగా ఉందనా చెప్పడం? శనివారం జనం చలికి వణికి చస్తారు గున్వర్. పోనీ ఒక్క చేపన్నా రాలేదా?”

గున్వర్ కూజా అందుకుని అతని కప్పులో రెండో కాఫీ పోసింది. నిండా పోసింది.

“ఒకటొచ్చింది,” అంది. “చిన్నది.”